షిజువోక నుంచి తెచ్చిన విమానం

జపాను వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా కాలేజీలో ప్రతివారూ "టోక్యో ఎలా ఉందండీ?" అని అడుగుతున్నారు. టోక్యో నేను చూసింది ఒకటిన్నర రోజు. అందులో సగం రైలుస్టేషన్లలో దారి తప్పటానికే సరిపోయింది. కనక టోక్యో గురించి రాసే సాహసం చెయ్యను. మేము తొమ్మిది రోజులున్నది షిజువోక అనే ఊళ్ళో. మా తమ్ముడికి అక్కడ ఉద్యోగం. "అన్నయ్యా, ఒక్కసారి రండి" అని నాలుగేళ్ళుగా వాడు పోరుతుంటే, ఈ వేసవి సెలవుల్లో నేనూ, మా ఆవిడా, పన్నెండేళ్ళ మా అబ్బాయీ బయల్దేరాం.

బయల్దేరేముందు మామ్మకి చెప్పాను. మామ్మంటే మా నాన్నగారి తల్లి. తొంభై నాలుగేళ్ళు. చెవి కొంచెం మందం, మాట మాత్రం చురుకు. "ఏ దేశంరా?" అంది. "జపాను మామ్మా" అన్నాను గట్టిగా. ఆవిడ కాసేపు ఊరుకుని, "మీరెందుకురా పోవటం? వాళ్ళే ఒకసారి వచ్చి చూసిపోయారుగా మనల్ని" అంది.

ఇంట్లో అందరం నవ్వాం. మామ్మ నవ్వలేదని అప్పుడు నేను గమనించలేదు.

సింగపూరు మీదుగా వెళ్ళాం. టోక్యో నుంచి షిజువోకకి షింకాన్‌సెన్ రైల్లో గంట, మహా అయితే గంటన్నర. కుడిచేతి వైపు కిటికీ దగ్గర కూచుంటే ఫ్యూజీ కొండ కనిపిస్తుందని తమ్ముడు ముందే ఫోన్లో చెప్పాడు. కూచున్నాం. మబ్బు కనిపించింది. పక్క వరసలో ఉన్న ఒక పెద్దాయన మా అబ్బాయి మొహం చూసి జాలిపడి, ఆ మబ్బులోకే వేలు చూపించి, అక్కడే ఉందన్నట్టు తల ఊపాడు. మా వాడు కూడా నమ్మకంగా తల ఊపాడు. ఫ్యూజీ దర్శనం ఆ విధంగా అయిందనిపించాం.

షిజువోక తేయాకు సీమ. ఊరి చుట్టూ కొండవాలుల మీద తేయాకు పొదలు దువ్విన జుట్టులా వరసలు తీరి ఉంటాయి. మే నెల కొత్త ఆకు కోసే రోజులు. వీధిలో నడుస్తుంటే ఏదో ఒక దుకాణంలోంచి ఆకు వేయించే వాసన వచ్చి ముక్కుకి తగిలేది. ఇది ఇంతకంటే రాస్తే మా ఆవిడ తెచ్చిన తేయాకు పొట్లాల సంగతి కూడా రాయాల్సి వస్తుంది. వదిలేస్తాను.

స్టేషను బయట మా అబ్బాయి ఒక్క కేక పెట్టాడు. కారణం ఒక పోస్టుడబ్బా. ప్లాస్టిక్ మోడల్ పెట్టెలు మీ పిల్లలు కొని ఉంటే మీకు తెలుస్తుంది. అందులో వస్తువు తయారుగా ఉండదు. రెక్కొకటి, చక్రమొకటి విడివిడి ముక్కలుగా, పుల్లల్లాంటి చట్రానికి అంటుకుని ఉంటాయి. కత్తిరించుకుని, జిగురు పెట్టి అతికించుకోవాలి. ఈ ఊరివాళ్ళు 2021లో ఒక పోస్టుడబ్బాను అచ్చంగా అలాగే, పెద్ద చట్రంలో విడి భాగాల మధ్య ఇరికించినట్టుగా నిలబెట్టారు. ఉత్తరం వేస్తే నిజంగా వెళుతుంది. మామ్మ పేర ఒక కార్డు వేశాం. మేము ఇంటికి చేరిన తొమ్మిదో రోజున అదీ వచ్చి చేరింది.

పోస్టుడబ్బాకే అంత ముచ్చట ఎందుకంటే, జపానులో తయారయ్యే ప్లాస్టిక్ మోడళ్ళలో చాలా భాగం ఈ ఒక్క ఊరి చుట్టుపక్కలే తయారవుతాయి. తమియా, హసెగావా, ఆవోషిమా, ఫుజిమి అనే కంపెనీలన్నీ ఇక్కడివే. ఈ విద్య ఇక్కడికెలా వచ్చిందని తమ్ముణ్ణి అడిగాను. "గుడి చూస్తే తెలుస్తుంది" అని సెన్‌గెన్ దేవాలయానికి తీసుకెళ్ళాడు. ఎర్ర లక్క పూత, దాని మీద బంగారు వన్నె, స్తంభాల మీద చెక్కిన పక్షులూ మృగాలూ. తొకుగవా షోగన్ల కాలంలో ఈ గుడి కట్టటానికి దేశం నలుమూలల నుంచీ వడ్రంగుల్నీ, చెక్కడం పనివాళ్ళనీ, లక్కపని వాళ్ళనీ పిలిపించారట. పందొమ్మిదో శతాబ్దంలో తిరిగి కట్టినప్పుడు ఆ పని అరవై ఏళ్ళు సాగింది. అరవై ఏళ్ళు ఒక ఊళ్ళో ఉన్నవాడు ఇంక ఎక్కడికి పోతాడు? పిల్లలూ మనమలూ అక్కడే పుడతారు. అలా ఆ పనివాళ్ళ సంతానం బల్లలూ, బీరువాలూ, బొమ్మలూ చేసుకుంటూ ఉండిపోయారు. ఆ చేతివాటం చివరికి చెక్క ఓడల్లోకీ, చెక్క విమానాల్లోకీ దిగింది. తమియా వారిది 1946లో పెట్టిన రంపపు మిల్లు. మిగిలిన చెక్కతో బొమ్మలు మొదలుపెట్టి, 1960లో మొదటి ప్లాస్టిక్ మోడలు చేశారు. అది యమాతో అనే యుద్ధనౌక.

ఇప్పుడు చెక్క పోయి ఉక్కు అచ్చులు వచ్చాయి. కరిగిన ప్లాస్టిక్‌ను ఆ అచ్చుల్లోకి బలంగా ఎక్కిస్తే, రేకుల మధ్య అతుకులూ, మేకు తలలూ కూడా తేలతాయి. వేలిగోరంత తలుపు మీద గడియ గీత కనిపిస్తుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు చూసి పెరిగినవాణ్ణి. పని ఎవరిదైనా మంచిపనికి దణ్ణం పెట్టక తప్పదు.

మూడో రోజు సాయంత్రం మా అబ్బాయి మమ్మల్ని ఒక చిన్న దుకాణంలోకి లాక్కుపోయాడు. నేల నుంచి కప్పు దాకా పెట్టెలే. వాడు అరగంట వెతికి ఒకటి తీశాడు. మూత మీద రంగుల బొమ్మ: కింద సముద్రం, పైన మబ్బులు, మధ్యలో ముదురాకుపచ్చ విమానం, రెక్క మీద ఎర్రటి సూర్యబింబం.

"నాన్నా, నాకజిమా బి5ఎన్. పెర్ల్ హార్బరు మీదికి వెళ్ళింది ఇదే!" అన్నాడు.

మిత్రపక్షాల వాళ్ళు గుర్తుకోసం జపాను బాంబర్లకు ఆడపేర్లూ, పోరాట విమానాలకు మగపేర్లూ పెట్టుకున్నారు. దీన్ని కేట్ అన్నారు. జపాను వాళ్ళకి ఇది 97వ రకం. వాళ్ళ చక్రవర్తుల శకం 2597, అంటే 1937, దాని చివరి రెండంకెలు అన్నమాట. మన శాలివాహన శకాన్ని మనం పంచాంగంలో దాచుకున్నాం. వీళ్ళు తమ శకాన్ని బాంబరుకు తగిలించారు. విమానవాహక నౌక మీద నుంచి లేచి, ముగ్గురు మనుషుల్నీ, ఎనిమిది వందల కిలోల టార్పెడోను గాని అంతకు తగ్గ బాంబులను గాని మోసుకుపోగలదు.

"పెర్ల్ హార్బరుకే కాదు, మన ఊరికీ వచ్చిందిరా ఇది" అన్నాను.

వాడు నమ్మలేదు. అక్కడే నిలబడి చెప్పాను. 1942 ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారం నాడు జపాను విమానాలు కొలంబో మీద పడ్డాయి. అదే సమయానికి అడ్మిరల్ ఒజావా దళం బర్మా తీరంలోని మెర్గుయ్ నుంచి బయల్దేరి బంగాళాఖాతంలోకి దిగింది. నాలుగు రోజుల్లో ఇరవై దాకా వర్తక నౌకల్ని ముంచింది. ఆ దళంలో ర్యూజో అనే విమానవాహక నౌక ఉంది. దాని మీద ఉన్న బాంబర్లు ఈ రకానివే. 6వ తేదీ, సోమవారం నాడు అవి విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ర్యూజో నౌక 1933లో వాళ్ళ నౌకాదళంలో చేరింది. మన విశాఖ రేవు తెరిచిందీ 1933లోనే. ఒకే ఈడు వాళ్ళన్నమాట. ఆ నౌక అదే ఏడాది ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది. మన రేవు ఇంకా పనిచేస్తూనే ఉంది.

విశాఖలో ఆనాడు చచ్చిపోయినవాళ్ళు కొద్దిమందే. భయం మాత్రం ఊరంతటికీ సరిపోయింది. వీధులకి వీధులు తాళాలు పడ్డాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునే వాల్తేరు నుంచి గుంటూరుకు తరలించారు. 1946లో గాని తిరిగి రాలేదు. నేను ఎమ్మే చదివిన రోజుల్లో ఆ గుంటూరు మకాం ముచ్చట్లు మా గురువులు తమ గురువుల దగ్గర విని మాకు చెప్పేవారు. ఆనాటి బాంబు ఒకటి ఇప్పటికీ బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. చిన్నప్పుడు మా వాడు దాన్ని పట్టుకుని ఫోటో కూడా దిగాడు. ఆ బాంబు, ఈ విమానం ఒకే కథలోవని వాడికి తట్టలేదు. నిజం చెప్పొద్దూ, ఆ పెట్టె చేతిలోకి వచ్చేదాకా నాకూ అది పుస్తకంలో సంగతే.

మా గుసగుసలు చూసి దుకాణం ఆయన దగ్గరికొచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఏమిటి సంగతి అని తమ్ముణ్ణి అడిగాడు. వాడు కొంచెం తటపటాయించి చెప్పాడు: ఈ విమానం మా ఊరికి వచ్చిందట, మా అన్నయ్య చెబుతున్నాడు, అని. పెద్దాయన ఊరి పేరు మళ్ళీ చెప్పించుకున్నాడు. "విశాకపత్తనం" అని తన నోటితో మెల్లిగా అనుకున్నాడు. తరవాత ఒక ప్రశ్న అడిగాడు. తమ్ముడు నావైపు తిరిగి, "మీ ఇంట్లో ఎవరైనా పోయారా అంటున్నాడన్నయ్యా" అన్నాడు.

"లేదు, మా ఇంట్లో ఎవరూ పోలేదని చెప్పు" అన్నాను.

ఆయన మొహం కొంచెం తేలికపడింది. పెట్టెను కాయితంలో మడతలు పడకుండా చుట్టి, రెండు చేతులా మా అబ్బాయికి అందించాడు. మేము గుమ్మం దిగుతుంటే తమ్ముడితో ఇంకేదో అన్నాడు. "గుడి వెనక కొండ ఎక్కమంటున్నాడు" అన్నాడు తమ్ముడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ సెన్‌గెన్ గుడికి వెళ్ళాం. గుడిని ఆనుకుని షిజుహత అనే కొండ. రాతిమెట్లు నిటారుగా ఉన్నాయి. సింహాచలం మెట్లు ఎక్కిన అలవాటు ఏమైపోయిందో గాని, సగంలో నేనూ మా ఆవిడా ఒకరినొకరం చూసుకుని ఆగాం. మా వాడు పైనుంచి చెయ్యి ఊపుతున్నాడు. మెట్ల తరవాత చెట్ల మధ్య నుంచి కాలిబాట. చివర ఒక చదును. అక్కడినుంచి ఊరంతా కనిపిస్తుంది. ఆ చదును మీద రెండు స్మారకాలున్నాయి.

ఒకటి ఈ ఊరివాళ్ళకి. 1945 జూన్ 20 తెల్లవారుజామున అమెరికా బి-29 విమానాలు వచ్చి షిజువోక మీద నిప్పుబాంబులు కుమ్మరించాయి. చెక్క ఇళ్ళ ఊరు. రమారమి రెండువేలమంది కాలిపోయారు. రెండోది, ఆ బాంబులు వేసినవాళ్ళకి. ఆ రాత్రి రెండు బి-29లు ఆకాశంలో ఒకదాన్నొకటి ఢీకొని కూలాయి. 23 మంది అమెరికన్లు చనిపోయారు. ఇతో ఫుకుమత్సు అనే ఆయన ఆ శవాలను కూడా తీయించి ఊరివాళ్ళతోపాటే పూడ్చిపెట్టించాడు. ఇంకా పొగ ఆరని ఊళ్ళో అటువంటి పని చేస్తే జనం ఏమంటారో మీరే ఊహించుకోండి. అన్నారు. ఆయన మానలేదు. విమానం శిథిలాల్లో ఆయనకొక నీళ్ళసీసా దొరికింది. మంటకి నల్లబడిపోయి, దాని మీద చెయ్యి పట్టిన అచ్చు పడి ఉందట. ఆ రాత్రి బతికి బయటపడ్డ పిల్లల్లో సుగానో హిరోయా అనే అతను తరవాత డాక్టరై, ఇతో గారి పని తన భుజాన వేసుకున్నాడు. ఏటా జూన్‌లో ఇక్కడ చేరి, రెండు దేశాలవాళ్ళూ కలిసి ఆ నల్లసీసాతో విస్కీ తెచ్చి ఆ రాతి మీద పోస్తారు.

తర్పణం అనుకున్నాను నేను. నువ్వులూ నీళ్ళూ కాదు గాని, తర్పణమే.

మా అబ్బాయి రెండు రాళ్ళ మధ్యా నిలబడి, "మరి మన ఊరివాళ్ళకి రాయి ఎక్కడుంది నాన్నా?" అని అడిగాడు. మ్యూజియంలో బాంబు ఉందిగా అనబోయి ఊరుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చాక పెట్టెను మేడ మీది గదిలో పెట్టాం. మామ్మ కంట పడనివ్వద్దని మా ఆవిడ గట్టిగా చెప్పింది. మా వాడు ప్రతి ఆదివారం పాత పేపర్లు పరుచుకుని కూచునేవాడు. ముక్కను చట్రం నుంచి కత్తిరించి, అంచు గరుకుకాగితంతో రుద్ది, రంగు వేసి, ఆరాక అతికించాలి. ముందు లోపలి సీట్లు, తరవాత పొట్ట, ఆ తరవాత రెక్కలు. పెట్టెలో ముగ్గురు మనుషులు కూడా ఉన్నారు, చిటికెనవేలి సగమంత. ముందు నడిపేవాడు, మధ్యలో గురి చూసి బాంబు వదిలేవాడు, వెనక తంతివార్తలవాడు, వాడి చేతికో తుపాకి. మధ్యవాడి మొహానికి రంగు వెయ్యటానికి మా వాడికి ఒక పూట పట్టింది.

ఇది అసలులో నలభై ఎనిమిదో వంతు కొలత. పదిహేనున్నర మీటర్ల రెక్కలు ముప్ఫైరెండు సెంటీమీటర్లకు వచ్చాయి. మా వాడికి లెక్కల పిచ్చి. "నాన్నా, అప్పుడు మామ్మకి పదేళ్ళు కదా, నాలుగడుగులు అనుకుంటే ఈ కొలతలో రెండున్నర సెంటీమీటర్లు" అని చదరంగం బంటును తెచ్చి పక్కన పెట్టాడు. "కిలోమీటరు ఎత్తులో ఎగిరితే ఇరవయ్యొక్క మీటర్లు, ఏడంతస్తుల మేడ. అంత ఎత్తు నుంచి ఈ బంటు కనిపిస్తుందా?" అన్నాడు. జవాబు నన్ను అడగలేదు. పెట్టె మూత మీది బొమ్మను మళ్ళీ తీసి చూశాను. అందులో సముద్రం ఉంది, మబ్బులున్నాయి. ఊరు లేదు.

జిగురు వాసన దాగుతుందా? ఒక ఆదివారం మామ్మ గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చేసింది. మేమెవరం చూడలేదు. గుమ్మంలో నిలబడి, "ఏవిట్రా ఈ కంపు?" అంది. తరవాత బల్ల వైపు చూసింది. విమానానికి అప్పటికి ముదురాకుపచ్చ రంగు వేసి ఉంది. సూర్యబింబాలు ఇంకా లేవు. మామ్మ మనసు కష్టపెట్టుకుంటుందేమోనని మా వాడు వాటిని వెయ్యకుండా వాయిదా వేస్తున్నాడు.

"అదేనా?" అంది.

"అదే మామ్మా."

ఆవిడ కుర్చీలో కూచుంది. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే చెప్పింది. కోటవీధి ఇంటి డాబా మీద వడియాలకి కాకిని తోలుతూ కూచుందట. మోత విని తల ఎత్తిందట. ఆ రాత్రే ఇంటికి తాళం పెట్టి అందరూ వాల్తేరు స్టేషనుకి వెళ్ళారు. రైల్లో నిలబడటానికి చోటు లేదు. విజయనగరంలో దిగి, అక్కణ్ణుంచి బండి మీద గజపతినగరం అవతల ఏదో పల్లె. "చంటాణ్ణి నేనే ఎత్తుకున్నాను. అమ్మ చేతిలో మూటలు" అంది.

"ఏ చంటాడు?" అన్నాను.

"మా తమ్ముడు. ఐదో నెల. అన్నప్రాశన అక్కడే చేద్దామనుకున్నారు. ఆ పల్లెలో నీళ్ళు పడలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరెవడున్నాడక్కడ? ఇరవై రోజులు కూడా కాలేదు." చెయ్యి తిప్పింది. "బాంబు పడి పోయినవాళ్ళలో వాణ్ణెవరు రాసుకుంటారు?"

నలభై ఏళ్ళు దాటినవాణ్ణి, ఆ ఇంట్లోనే పెరిగినవాణ్ణి, ఈ మాట మొదటిసారి వింటున్నాను. మా నాన్నగారికి తెలుసో లేదో. ఆయన లేరు, అడగటానికి.

ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేశాను. ఆ దుకాణం వైపు వెళ్ళినప్పుడు పెద్దాయనతో నేను తప్పు చెప్పానని చెప్పమన్నాను. మా ఇంట్లో ఒకరు పోయారు, ఐదో నెల పిల్లవాడు. వాడు వెంటనే జవాబు చెప్పలేదు. "చెబుతాను" అన్నాడు. వారం తరవాత వెళ్ళి చెప్పాడట. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి, ఒక తేయాకు డబ్బా తెచ్చి వాడి చేతిలో పెట్టాడట, అమ్మమ్మగారికి అని. అమ్మమ్మ కాదు, నాయనమ్మ అని వీడు దిద్దలేదు.

సూర్యబింబాలు కాయితం మీద అచ్చు వేసి వస్తాయి. పళ్ళెంలో నీళ్ళు పోసి తడిపితే జారి వస్తాయి, వేలితో జరిపి అంటించుకోవాలి. తరవాతి ఆదివారం మామ్మ తనే మళ్ళీ మేడెక్కింది. "చుక్క పెట్టలేదేరా ఇంకా?" అని మునిమనవణ్ణి అడిగింది. వాడు నావైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు పళ్ళెంలో ఒక బింబాన్ని తడిపి, పట్టకారుతో ఎత్తి, రెక్క పైభాగాన పెట్టబోయాడు.

"అక్కడ కాదు, కిందవైపు పెట్టు" అంది మామ్మ.

"రెండువైపులా ఉంటాయి మామ్మా, బొమ్మలో చూడు" అన్నాడు వాడు.

"పైన ఏముందో నాకేం తెలుసురా? నేను కిందనుంచే కదా చూశాను" అని, పళ్ళెం ఒలకకుండా ఒక చేత్తో పట్టుకుంది.

వాడు విమానాన్ని వెల్లకిలా తిప్పాడు.